బాపు మందుల్లో ఏవి ఆపొచ్చు?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది జగిత్యాల దగ్గర పల్లె. మా బాపుకు 61 ఏళ్లు. ముద్ద మింగుడు పడటం లేదంటే చూపించాం. అన్నవాహికలో క్యాన్సర్ అన్నారు. ముందు కీమో, రేడియేషన్ ఇచ్చి, తర్వాత హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. 13వ రోజు ఇంటికి పంపారు. ఆపరేషన్ అయి ఇవాళ్టికి 17 రోజులు. పొట్టకు సన్న గొట్టం ఉంది, అందులోంచి డబ్బా పొడి కలిపి ఎక్కిస్తున్నాం. నోటితో జావ, మెత్తటి అన్నం కొద్దికొద్దిగా తింటున్నాడు. డిశ్చార్జి కాగితంలో రాసిన మందులు ఇవి: పొట్టకు రోజూ ఎనాక్సాపారిన్ 40 ఇంజెక్షన్, పాంటోప్రజోల్ 40 రెండు పూటలు, అమియోడారోన్ 200 ఒక పూట, పారాసెటమాల్ మూడు పూటలు, నొప్పి మరీ ఎక్కువైతే ట్రమడాల్. 'మూడో రోజు ఏఎఫ్' అని కూడా ఉంది. మా దగ్గర మెడికల్ షాపులో ఉత్త పాంటోప్రజోల్ లేదని, పేరు చివర 'డి' ఉన్న క్యాప్సూల్ ఇచ్చారు. ఇది ఇంకా మంచిది, ఉబ్బరం కూడా తగ్గుతుందన్నారు. నాలుగు రోజులుగా రెండు పూటలా అదే వేస్తున్నాం. దుబాయ్‌లో ఉన్న తమ్ముడేమో రక్తం పలచబడే ఇంజెక్షన్ ఆపెయ్యమంటున్నాడు, లోపల కుట్లు పచ్చిగా ఉన్నాయని. గ్యాస్ మాత్ర ఎముకలు తినేస్తుందని చుట్టాలు అంటున్నారు. గుండె జబ్బే లేని మనిషికి గుండె మాత్ర ఎందుకో తెలియడం లేదు. యాంటీబయాటిక్ మాత్రం ఒక్కటీ రాయలేదు, మరిచిపోయారేమోనని టెన్షన్. బాపు మాత్రం "నేను మంచిగున్న బిడ్డా, ఇన్ని గోలీలు మింగుడు నాతోని కాదు" అంటున్నాడు. వీటిలో ఏవి ఆపొచ్చు?
- ఒక కూతురు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదవగానే ఒక్క విషయం విడిగా రాసి మీకు పంపాను. అది ఇంకా చాలామందికి అవసరపడే విషయం కాబట్టి ఇక్కడ కూడా ముందు అదే చెబుతాను. ఆ 'డి' క్యాప్సూల్ ఇక వెయ్యకండి. దాని బదులు ఆస్పత్రివాళ్లు రాసిన ఉత్త పాంటోప్రజోల్ ఎక్కడ దొరికితే అక్కడ తెప్పించి వెయ్యండి. డిశ్చార్జి కాగితం మీద ఉన్న నంబరుకు ఇవాళే ఫోన్ చేసి, గుండె లయకు అమియోడారోన్ వాడుతున్న మనిషికి నాలుగు రోజులుగా ఆ క్యాప్సూల్‌లోని డాంపెరిడోన్ కూడా పడిందని చెప్పండి. ఈసీజీ ఒకటి తీయించాలా, రక్తంలో పొటాషియం, మెగ్నీషియం చూడాలా అని అడగండి. తీయించమనే అంటారు. ఈసీజీ జగిత్యాలలోనే అయిపోతుంది, హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. ఈలోగా ఆయనకు కళ్లు తిరిగి పడిపోయినట్టు అయినా, గుండె దడదడలాడినా ఫోన్ కోసం ఆగకుండా 108కి చేయండి.

కారణం ఇది. ఆ 'డి' అంటే డాంపెరిడోన్. వాంతికి, కడుపు కదలికకు వాడే మందు. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ కొట్టుకోవడానికి సిద్ధం కావాలి కదా, ఆ సిద్ధమయ్యే సమయాన్ని ఈసీజీలో క్యూటీ అంటారు. డాంపెరిడోన్ ఆ సమయాన్ని పొడిగిస్తుంది. అమియోడారోన్ కూడా పొడిగిస్తుంది. రెండూ కలిస్తే, అందులోనూ వాంతులూ విరేచనాలూ అయి పొటాషియం తగ్గి ఉంటే, గుండె లయ ప్రమాదకరంగా తప్పవచ్చు. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2014లోనే ఈ రెండు రకాలను కలిపి వాడవద్దని, డాంపెరిడోన్ పెద్దవాళ్లకు రోజుకు 30 మిల్లీగ్రాములు మించకూడదని చెప్పింది. 60 దాటినవాళ్లలో ఈ ముప్పు ఎక్కువని కూడా చెప్పింది. మన దగ్గర అమ్మే 'డి' క్యాప్సూళ్లలో చాలావాటిలో ఒక్కోదానిలోనే 30 మిల్లీగ్రాముల డాంపెరిడోన్ ఉంటుంది. రెండు పూటలా వేస్తే 60. మీ బాపుకు 61 ఏళ్లు. నేను ఎందుకు కంగారు పడ్డానో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఇది మీ తప్పు కాదు. ఆ షాపతను కూడా మంచిదనుకునే ఇచ్చి ఉంటాడు. మన ఊళ్లలో ఈ క్యాప్సూల్‌ను చాక్లెట్ ఇచ్చినట్టు ఇస్తారు, కోట్లమంది వేసుకుంటారు, ఎక్కువమందికి ఏమీ కాదు. కానీ మీ బాపు ఇప్పుడు ఆ ఎక్కువమందిలో లేడు. ఇకపై ఈయనకు ఏ కొత్త మందు వెయ్యబోయినా, అది దగ్గు మందైనా సరే, "అమియోడారోన్ వాడుతున్నాడు, దీంతో పడుతుందా" అని అడిగి వెయ్యండి. ముఖ్యంగా దగ్గు జ్వరాలకు ఊళ్లో వెంటనే రాసే అజిత్రోమైసిన్, వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ కూడా ఇదే క్యూటీని పొడిగిస్తాయి. అమియోడారోన్ మాత్ర ఆపేశాక కూడా ఒంట్లోంచి పోవడానికి వారాలు, కొందరిలో నెలలు పడుతుంది. కాబట్టి మాత్ర ఆపిన మర్నాడే ఈ జాగ్రత్త వదిలెయ్యకూడదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. ఏవి ఆపొచ్చు అని అడిగారు. డాక్టర్లు రాసినవాటిలో ఇవాళ మీ అంతట మీరు ఆపదగ్గది ఒక్కటీ లేదు. అయితే ఎల్లకాలం వెయ్యాల్సినవి కూడా కావు. ఈ జాబితాలో ప్రతి మందుకూ ఒక కారణం ఉంది, ఒక గడువు ఉంది. ఆ రెండూ మీకు చెప్పి పంపాల్సింది. వార్డులో హడావిడిలో అది జరగలేదు. బాపు వద్దంటున్నది కూడా అందుకేనని నా నమ్మకం. దేనికి మింగుతున్నామో తెలియని గోలీ ఎవరికైనా బరువే.

ముందు లోపల ఏం చేశారో రెండు ముక్కల్లో చెప్తాను, అది తెలిస్తే మందులు వాటంతట అవే అర్థమవుతాయి. క్యాన్సర్ గడ్డ ఉన్న అన్నవాహికను చాలావరకు తీసేశారు. దాని స్థానంలో జీర్ణాశయాన్నే సన్నగా గొట్టంలా మలిచి, పైకి లాగి, మెడ దగ్గరో ఛాతీలోనో మిగిలిన అన్నవాహిక ముక్కకు కలిపి కుట్టారు. అంటే ఆయన కడుపు ఇప్పుడు ఛాతీలో, గుండెకు వెనకాల ఉంది. అన్నం కిందికి దిగాక తిరిగి పైకి రాకుండా ఆపే కవాటం పోయింది. కడుపును కదిలించే వేగస్ నరాలు కూడా గడ్డతోపాటు తెగిపోయాయి. క్యాన్సర్ ఆపరేషన్లలో మనిషి శరీరానికి ఇంత కష్టం కలిగించేవి కొన్నే. దాన్ని తట్టుకుని 13వ రోజు ఇంటికి వచ్చాడంటే మీ బాపు గట్టి మనిషి.

పొట్టకు వేసే ఎనాక్సాపారిన్ ఇంజెక్షన్ దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇంటికి వెళ్లాక జనం అందరికంటే ముందు ఆపేసేది దీన్నే. క్యాన్సర్ ఉంటేనే రక్తం తొందరగా గడ్డకట్టే గుణం పెరుగుతుంది. దానికి కీమో, గంటల తరబడి ఆపరేషన్, రోజుల తరబడి మంచం తోడయ్యాయి. ఆ రక్తపు గడ్డ ఎక్కువగా కాలి పిక్కలో పుడుతుంది. అక్కడే ఉంటే కాలు వాస్తుంది. తెగి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే నిమిషాల్లో ప్రాణం మీదికి రావచ్చు. ఈ ప్రమాదం ఆస్పత్రి గేటు దాటగానే ఆగిపోదు. కడుపు, కటి భాగాల్లో క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్ల మీద జరిగిన ఒక అధ్యయనం 2002లో అచ్చయింది. ఈ ఇంజెక్షన్ సుమారు వారం వాడి ఆపినవాళ్లలో 12 శాతం మందికి కాళ్ల రక్తనాళాల్లో గడ్డలు కనబడ్డాయి. నాలుగు వారాలు వాడినవాళ్లలో 4.8 శాతం మందికే కనబడ్డాయి. ఎక్కువ రోజులు వాడినందుకు రక్తస్రావం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. అది అన్నవాహిక ఆపరేషన్ల మీద విడిగా చేసింది కాదు. కానీ మీ బాపుకు జరిగింది అంతకంటే పెద్దదే తప్ప చిన్నది కాదు. ఆ లెక్క ప్రకారమే ఇలాంటి క్యాన్సర్ ఆపరేషన్ల తర్వాత 28 రోజులు ఇవ్వడం పద్ధతి అయింది.

తమ్ముడికి ఈ మాట చెప్పండి: 40 మిల్లీగ్రాములు రోజుకు ఒక్కసారి అంటే గడ్డ పుట్టకుండా కాపలా కాసే మోతాదు మాత్రమే. ఇప్పటికే గడ్డ ఉన్నవాళ్లకు బరువులో ప్రతి కిలోకు 1 మిల్లీగ్రాము చొప్పున రోజుకు రెండుసార్లు ఇస్తాం. 55 కిలోల మనిషికి అది రోజుకు 110 అవుతుంది. దూరాన ఉన్న కొడుకు భయం నాకు తెలుసు. దగ్గర లేనివాళ్లకు ప్రతి మందూ ప్రమాదంగానే కనిపిస్తుంది. అయినా ఈ ఒక్క విషయంలో ఆయన భయపడుతున్న రక్తస్రావం కంటే ఆయనకు కనబడని గడ్డ పెద్ద శత్రువు. నా దగ్గరికి ఒకాయన వచ్చారు, ఇలాంటి ఆపరేషనే. పుండ్లు మానాయి కదా అని 16వ రోజున ఇంజెక్షన్ ఆపేశారు. తర్వాతి వారం ఎడమ కాలు తొడ దాకా వాచి వచ్చారు. రోజుకు ఒకటితో 12 రోజుల్లో అయిపోయే ఇంజెక్షన్, ఆ తర్వాత పెద్ద మోతాదులో ఆరు నెలల వైద్యం అయింది. ఆయన బతికారు, బాగున్నారు. కానీ ఆ కాలు సాయంత్రమైతే ఇప్పటికీ బరువెక్కుతుందంటారు.

ఆపరేషన్ రోజు నుంచి 28 లెక్కపెట్టండి. మీకు ఇంకా 11 రోజులు ఉన్నాయి. మీ కాగితంలో వేరే తేదీ రాసి ఉంటే అదే పాటించండి. ఇంజెక్షన్ ఊరి ఆర్ఎంపీ చేత చేయిస్తుంటే దగ్గరుండి చూడండి. ఇది చేతి కండకో పిర్రకో వేసేది కాదు. బొడ్డుకు రెండు అంగుళాల దూరంలో, పొట్ట పక్క భాగంలో, చర్మాన్ని రెండు వేళ్లతో మడతగా పట్టుకుని సూదిని నిటారుగా పూర్తిగా దింపాలి. మందు అయ్యేదాకా ఆ మడత వదలకూడదు. గాయానికీ, ఫీడింగ్ గొట్టానికీ దూరంగా వెయ్యాలి. ఇవాళ కుడి పక్క అయితే రేపు ఎడమ పక్క. నింపి వచ్చే సిరంజిలో చిన్న గాలి బుడగ ఉంటుంది, దాన్ని బయటికి నెట్టకూడదు, నెడితే మందు కూడా కొంత పోతుంది. వేశాక రుద్దకూడదు, రుద్దితే కమిలిపోతుంది. రూపాయి బిళ్లంత నీలి మచ్చ వస్తే భయపడకండి. ఒక రోజు మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు ఆ రోజుది వెయ్యండి, మర్నాడు రెండు కలిపి మాత్రం వెయ్యకండి. వాడిన సిరంజిలను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూతపెట్టి, రివ్యూకి వెళ్లినప్పుడు ఆస్పత్రిలో ఇచ్చెయ్యండి.

ఈ ఇంజెక్షన్ నడుస్తున్నన్ని రోజులూ డైక్లోఫెనాక్ లాంటి నొప్పి సూదులు, ఆస్ప్రిన్ దగ్గరికి రానివ్వకండి. తమ్ముడి భయం నిజమయ్యే దారి ఏదైనా ఉందంటే అదే. ఇంకొకటి, కీమోలో సిస్‌ప్లాటిన్ ఇచ్చి ఉంటే కిడ్నీలు కొంత దెబ్బతిని ఉండవచ్చు. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్లకు ఈ ఇంజెక్షన్ మోతాదు తగ్గిస్తారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, ప్లేట్‌లెట్లు చివరిసారి ఎప్పుడు చూశారో కాగితంలో వెతకండి. ఈసీజీకి వెళ్లినప్పుడే ఆ రెండూ చేయించుకోవచ్చేమో ఫోన్‌లోనే అడగండి.

గుండె మాత్ర సంగతి. 'మూడో రోజు ఏఎఫ్' అన్న ఆ చిన్న మాటలోనే జవాబుంది. ఏఎఫ్ అంటే గుండె పై గదులు లయ తప్పి, సరిగ్గా కొట్టుకోకుండా వణకడం. ముందు గుండె జబ్బు లేనివాళ్లకు కూడా అన్నవాహిక ఆపరేషన్ తర్వాత ఇది వస్తుంది, ఎక్కువగా మొదటి మూడు నాలుగు రోజుల్లోనే. గుండె పక్కనే ఇంత పని జరిగింది, వాపు ఉంది, ఒంట్లో నీళ్లూ లవణాలూ అటూ ఇటూ అయ్యాయి, గుండె ఊరుకోదు. ఇది రాకుండానే ముందే అమియోడారోన్ ఇస్తే ఎలా ఉంటుందని 80 మంది మీద చూసిన ఒక అధ్యయనం 2010లో వచ్చింది. ఇవ్వనివాళ్లలో 40 శాతం మందికి ఏఎఫ్ వస్తే, ఇచ్చినవాళ్లలో 15 శాతం మందికి వచ్చింది. కానీ ఆస్పత్రిలో ఉండాల్సిన రోజులు మాత్రం తగ్గలేదు. అందుకే కొందరు సర్జన్లు అందరికీ ముందే ఇస్తారు, ఇంకొందరు వచ్చినవాళ్లకే ఇస్తారు. నేను రెండో పక్షం. మీ బాపుకు వచ్చింది, తగ్గింది, మళ్లీ రాకుండా ఇంటికి ఈ మాత్ర ఇచ్చి పంపారు. అది సరైన పనే.

కానీ గడువు గురించి నేను పట్టుబట్టే మందు ఏదైనా ఉందంటే ఇదే. ఆపరేషన్ తర్వాత వచ్చిన ఏఎఫ్‌కు ఇది సాధారణంగా కొన్ని వారాల మందు, ఏళ్ల మందు కాదు. ఎక్కువ కాలం వాడితే థైరాయిడ్‌నూ, ఊపిరితిత్తులనూ, కాలేయాన్నీ దెబ్బతీయగలదు. ఎండలో చర్మం మాడినట్టు చేస్తుంది. ఒక పెద్దాయన ఆపరేషన్ అయిన రెండేళ్లకు నీరసం అని వచ్చారు. చూస్తే డిశ్చార్జి రోజున ఇచ్చిన అమియోడారోన్ ఇంకా వేసుకుంటున్నారు. ఆపమని ఎవరూ చెప్పలేదు, షాపులో చీటీ చూపిస్తే ఇస్తూ పోయారు. థైరాయిడ్ పూర్తిగా మందగించింది. అందుకే రివ్యూలో డాక్టర్ కూర్చోమనగానే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న: "ఈ మాత్ర ఏ తేదీన ఆపాలి?" తేదీని కాగితం మీద రాయించుకోండి. మీ అంతట మీరు ఇవాళే ఆపకండి, లయ మళ్లీ తప్పే రోజులు ఇంకా పూర్తిగా దాటలేదు.

ఇక గ్యాస్ మాత్ర. చుట్టాలు చెప్పిన మాటలో కొంత నిజం ఉంది. పాంటోప్రజోల్ లాంటివి ఏళ్ల తరబడి వాడేవాళ్లలో ఎముక విరుగుళ్లు కొంచెం ఎక్కువ కనిపిస్తాయి, బి12, మెగ్నీషియం తగ్గవచ్చు. అవసరం లేకుండా పదేళ్లు మింగేవాళ్లకు నేను కూడా ఆపమనే చెబుతాను. మీ బాపుది ఆ కోవ కాదు. ఆయన జీర్ణాశయం ఛాతీలో ఉంది, ఆమ్లం ఇంకా తయారవుతూనే ఉంది, ఆపే కవాటం లేదు. ఆ ఆమ్లం నేరుగా కొత్త అతుకు మీద పడుతుంది. పడుతూ ఉంటే అతుకు పుండుపడి, మానే క్రమంలో ఇరుకైపోతుంది. అప్పుడు మళ్లీ ముద్ద దిగదు, బెలూన్ పెట్టి వెడల్పు చేయించుకోవాల్సి వస్తుంది. గడ్డ పోయినా పాత కష్టం తిరిగొచ్చిందని మనిషి కుంగిపోతాడు. నేను చూసినవాళ్లలో క్యాన్సర్ పేరు విన్నప్పటి కంటే అప్పుడే ఎక్కువ ఏడ్చినవాళ్లు ఉన్నారు. ఈ మాత్ర చాలామందికి నెలలు, కొందరికి ఆ తర్వాత కూడా అవసరం. మోతాదు రెండు పూటల నుంచి ఒక పూటకు ఎప్పుడు తగ్గించాలో సర్జన్ చెబుతారు.

మాత్రను తిండికి అరగంట ముందు వెయ్యాలి. నూరి వెయ్యకూడదు, గొట్టంలో అసలే వెయ్యకూడదు. దాని మీది పూత ఉన్నదే కడుపు ఆమ్లం నుంచి మందును కాపాడటానికి. మింగడం కష్టంగా ఉందంటే నీళ్లలో కలిపే పొడి రూపంలో ఇదే జాతి మందు దొరుకుతుంది, ఫోన్‌లో అడగండి. అయితే మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుందే గాని, పైకి పొంగడాన్ని ఆపలేదు. పిత్తం, తిన్న జావ అలాగే పైకి వస్తాయి. రాత్రి నిద్రలో అవి ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా. దానికి మందు లేదు, ఇటుకలు ఉన్నాయి. మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టి ఎత్తు చెయ్యండి. దిండ్లు పేరిస్తే మెడ ఒక్కటే వంగుతుంది, కడుపు నలుగుతుంది. రాత్రి తిండి, గొట్టం ఫీడింగ్‌తో సహా, ఎప్పుడు ఆపాలో డైటీషియన్‌ను అడగండి. నోటితో తిన్నాక మాత్రం మూడు గంటల దాకా పడుకోనివ్వకండి.

'డి' క్యాప్సూల్ ఆపేస్తే ఉబ్బరానికి ఏం చేయాలని మీరు అడుగుతారు. వేగస్ నరాలు తెగాయి కాబట్టి కడుపు మెల్లగా ఖాళీ అవుతుంది, నాలుగు ముద్దలకే నిండినట్టు ఉంటుంది. కదలిక పెంచే మందులు కొన్ని ఉన్నాయి, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తక్కువ మోతాదులో ఇందుకోసమే వాడతాం, కానీ అది కూడా క్యూటీని పొడిగించేదే, పైగా కొన్నాళ్లకు దాని పట్టు తగ్గిపోతుంది. అమియోడారోన్ ఉన్నన్నాళ్లూ వీటి జోలికి ఊళ్లో ఎవరూ వెళ్లకూడదు. రోజుకు ఆరేడుసార్లు, ఒక్కోసారి చిన్న గిన్నెడు చొప్పున తినిపించండి. తినేటప్పుడు నీళ్లు వద్దు, అరగంట ఆగి గుటకలుగా తాగాలి. తిన్నాక కూర్చోవాలి, కాసేపు వాకిట్లో నడవాలి. పచ్చటి నీళ్లు గిన్నెలకొద్దీ వాంతి అవుతుంటే మాత్రం అది ఇంట్లో సర్దుకునేది కాదు, కడుపు కింది ద్వారం తెరుచుకోవడం లేదేమో చూడాలి.

నీరసంగా ఉన్నాడని గ్లూకోజ్ పొడి కలిపి ఇస్తున్నారా? ఇస్తుంటే మానండి. చక్కెర నీళ్లు ఈ కొత్త కడుపులోంచి ఒక్కసారిగా పేగులోకి జారిపోతే పావుగంటలో చెమటలు, దడ, కడుపునొప్పి వస్తాయి. కొందరికి రెండు గంటల తర్వాత షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఏఎఫ్ వచ్చిన మనిషికి దడ వస్తే గుండెదో చక్కెరదో తేల్చుకోలేక మీరు సతమతమవుతారు. పల్చటి చక్కెర పానీయాల కంటే జొన్న గటక, పెరుగన్నం, మెత్తగా ఉడికిన గుడ్డు మేలు.

యాంటీబయాటిక్ రాయలేదని దిగులుపడకండి. మరిచిపోలేదు. అది ఇవ్వాల్సిన సమయంలో, అంటే కోత పెట్టడానికి ముందు గంటలోపు ఇచ్చే ఉంటారు. మామూలుగా దాన్ని 24 గంటల్లో ఆపేస్తాం. ఇన్ఫెక్షన్ లేకుండా రోజుల తరబడి ఇస్తే న్యుమోనియా ఆగదు, అతుకు లీకవ్వడం ఆగదు. విరేచనాలు పట్టుకుంటాయి, రేపు నిజంగా అవసరమైనప్పుడు ఆ మందు పనిచేయకుండా పోతుంది. ఈ కాగితంలో యాంటీబయాటిక్ లేకపోవడం చూసి నేను సంతోషించాను.

న్యుమోనియాను ఆపే మందు మీ జాబితాలో ఉంది, కానీ మీరు దాన్ని అలా చూడటం లేదు. అది పారాసెటమాల్. ఛాతీ తెరిచిన మనిషికి నొప్పి ఉంటే గట్టిగా ఊపిరి తీసుకోడు, దగ్గడు. దగ్గకపోతే కఫం అడుగున పేరుకుంటుంది, అక్కడే ఇన్ఫెక్షన్ మొదలవుతుంది. "నొప్పి ఓర్చుకుంటా" అని బాపు ఆ మాత్ర మానేస్తే, ఓర్చుకుంటున్నది నొప్పిని, కోల్పోతున్నది ఊపిరిని. రాసిన మోతాదులో, రాసిన వేళకు ఇవ్వండి. బరువు 50 కిలోలకు తగ్గి ఉంటే ఆ మాట డాక్టర్‌తో చెప్పి మోతాదు సరిచూసుకోండి. ట్రమడాల్ మాత్రం నిజంగా తట్టుకోలేనప్పుడే, అది మత్తు, మలబద్ధకం తెస్తుంది. మాత్ర వేసిన అరగంటకు, నొప్పి తగ్గిన వేళ చూసి, ఆస్పత్రిలో ఇచ్చిన ఆ మూడు బంతుల పరికరంతో పదిసార్లు ఊపిరి పీల్పించండి. మెలకువగా ఉన్నన్ని గంటలూ గంటకోసారి. రోజుకు రెండుసార్లు పళ్లు తోమించండి, నోట్లో పేరుకునే క్రిములే ఊపిరితిత్తుల్లోకి జారేది. బీడీ అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఒక్కటి కూడా వద్దు. ఇంట్లో ఇంకెవరైనా తాగుతుంటే వాళ్లు కూడా ఆయన గదికి దూరంగా ఉండాలి.

ఇన్ని చెప్పినా, అతుకు లీకవ్వకుండా ఆపే మాత్ర మాత్రం ఏదీ లేదు. చాలామందికి అది మొదటి రెండు వారాల్లోనే బయటపడుతుంది, మీరు ఆ గండం చాలావరకు దాటారు. అయినా 100.4 దాటిన జ్వరం, మెడ గాయం ఎర్రబడటం లేదా చీము, కొత్తగా ఛాతీనొప్పి, ఆయాసం, ఒక కాలు మాత్రమే వాయడం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి, కూర్చున్నా నాడి 110 పైనే ఉండటం, వీటిలో ఏది కనిపించినా రివ్యూ తేదీ దాకా ఆగవద్దు. ఫీడింగ్ గొట్టం ఊడి వస్తే కూడా అదే రోజు వెళ్లాలి, ఆ రంధ్రం కొన్ని గంటల్లోనే మూసుకుపోవడం మొదలవుతుంది. ఖర్చు గురించి వెనకాడుతుంటే ఆపరేషన్ జరిగిన ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రతో ముందుగా మాట్లాడండి, కార్డు మీద ఏది వర్తిస్తుందో ఆయన చెబుతారు. పాంటోప్రజోల్, పారాసెటమాల్ లాంటివి జనఔషధి దుకాణంలో చాలా చౌక. అక్కడ కూడా పేరు చివర 'డి' లేకుండా చూసుకోండి.

ఇప్పుడు ఇంట్లో గోడకున్న క్యాలెండర్ తీసుకుని ఒక పని చెయ్యండి. ఆపరేషన్ రోజుకు గుర్తు పెట్టి, 28వ రోజును గుండ్రంగా చుట్టి 'ఇంజెక్షన్ ఆఖరు' అని రాయండి. రివ్యూ రోజు దగ్గర 'అమియోడారోన్ ఎప్పుడు ఆపాలి, గ్యాస్ మాత్ర ఎప్పుడు తగ్గించాలి, బి12 ఎప్పుడు చూడాలి' అని రాయండి. బాపు మంచం మీదినుంచి కనబడేలా వేలాడదీయండి. రోజూ ఇంజెక్షన్ అయ్యాక ఆ గడిని ఆయన చేతే కొట్టేయించండి. వద్దంటున్న మనిషికి ఎన్ని మిగిలాయో కనబడితే ఒప్పుకోవడం తేలికవుతుంది, నా పేషెంట్లలో చాలామంది ఇళ్లలో ఇది పనిచేసింది. రివ్యూకి వెళ్లేటప్పుడు వాడిన మాత్రల అట్టలన్నీ, ఆ 'డి' క్యాప్సూల్ అట్టతో సహా, సంచిలో వేసుకెళ్లండి.

ఈసీజీలో ఏం వచ్చిందో నాకు రాయండి అమ్మా. ఎదురుచూస్తుంటాను.